గొఱ్ఱెల మూతివాపు రోగం: దాని పూర్వకథ



వానలు కురిసి చెఱువులు నిండితే సేద్యం చేసేవాడికి సంతోషం. మంద కాచేవాడికి ఆ సంతోషంతో పాటు కాస్త గుబులు కూడా వుంటుంది. పచ్చిక మొలిచిందని మందను తోలుకుపోతాడు. కొన్నాళ్లకు ఒకటి రెండు గొఱ్ఱెలు మేత మాని తల వాల్చి నిలబడిపోతాయి. ఒళ్లు కాలుతూ వుంటుంది. నోట చొంగ, ముక్కున చీమిడి కారుతాయి. మూతి, పెదవులు, చెవులు వాస్తాయి. నోరు తెరిచి చూస్తే లోపల పుండ్లు. నాలుక వాచిపోయి, కొన్నిటికి నీలంగా మారుతుంది. గిట్ట మొదట్లో, చర్మం కలిసేచోట, ఎఱ్ఱని చార కనబడుతుంది. గొఱ్ఱె కుంటుతుంది. కొన్నిటికి మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది. బతికి బయటపడినా చాలా రోజుల దాకా కోలుకోదు. చూడి గొఱ్ఱె యీడ్చుకుపోవడమూ కద్దు.

దీన్నే మనవాళ్లు మూతివాపు అంటారు. నీలినాలుక రోగం అని కూడా పేరున్నది. మందకు వచ్చే రోగాలు మన కాపరులకు తెలియనివి కావు. చిటుకు, బొబ్బ, పారుడు, గాలికుంటు, వీటన్నిటికీ మన భాషలో పేర్లున్నాయి. కాని మూతివాపును గాలికుంటు అనుకొని పొరపడేవారు యిప్పటికీ వున్నారు. గాలికుంటు అయితే ఊళ్లో ఆవులూ ఎద్దులూ కూడా కుంటుతాయి. మూతివాపు వచ్చినప్పుడు పక్కన కట్టేసిన ఆవు సాధారణంగా నిక్షేపంలా కనబడుతుంది. ఆ ఆవు సంగతి తరువాత చెబుతాను. ముందు యీ రోగం పూర్వకథ వినండి. మందను కాపాడుకొనే ఉపాయం ఆ కథలోనే వున్నది.

రోగం ఆచూకీ మొదట తెలిసింది దక్షిణాఫ్రికాలో. 18వ శతాబ్దం చివర అక్కడి తెల్లవాళ్లు మంచి ఉన్ని కోసమని యూరపు నుండి మెరినో జాతి గొఱ్ఱెలను తెప్పించుకున్నారు. ఆ దేశపు గొఱ్ఱెలు హాయిగా మేస్తూనే వున్నాయి, వచ్చిన మెరినోలు మాత్రం వానకాలంలో నోరు వాచి చావసాగాయి. అక్కడి రైతులు తమ భాషలో ‘బ్లౌటాంగ్’, అంటే నీలినాలుక, అని పేరు పెట్టారు. వాళ్లు ఏ చదువూ లేకుండానే రెండు సంగతులు పసిగట్టారు. పల్లపు నేలలో, తడి చోట రాత్రిళ్లు పడుకున్న మందకే రోగం ఎక్కువ. మందను మెరకకు తోలినా, పొద్దుగుంకక ముందే కొట్టంలో పెట్టినా తక్కువ. మంచు కురిసే చలికాలం రాగానే రోగం అణగిపోతుంది. కారణం మాత్రం వారికి అంతుబట్టలేదు. మంచులో తడిసిన గడ్డిలో విషమున్నదన్నారు. కొందరు పండితులు మలేరియా వంటి జ్వరమన్నారు.

1906లో సర్ ఆర్నాల్డ్ థైలర్ అనే శాస్త్రజ్ఞుడు రోగపు గొఱ్ఱె రక్తాన్ని అతి సన్నని జల్లెడ వంటి వడపోత గుండా దించి, ఆ వడిసిన ద్రవాన్ని మంచి గొఱ్ఱెకు ఎక్కించి చూశాడు. దానికీ రోగం వచ్చింది. మామూలు సూక్ష్మదర్శినికి కనిపించే క్రిములు ఆ వడపోతను దాటలేవు. కాబట్టి యిది అంతకన్నా చిన్నదైన వైరసు అని తేలింది. ఆయనే ఒక టీకా తయారు చేశాడు. ఇంచుమించు 40 ఏళ్లు ఆ దేశంలో అదే వాడారు. కొన్ని మందలను అది కాపాడింది. కాని టీకా వేసిన మందల్లోనే మళ్లీ రోగం లేచిన సందర్భాలూ వచ్చాయి. రైతులు టీకాను తిట్టుకున్నారు. తప్పు టీకాదా, వేసినవాడిదా, గొఱ్ఱెదా? చాలాకాలం ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ ముడి రెండు విడతలుగా విడిపోయింది. 1944లో డ్యుటాయిట్ అనే ఆయన, యీ వైరసును గొఱ్ఱె నుండి గొఱ్ఱెకు మోసేది ఒక చిన్న నుసుము అని రుజువు చేశాడు. శాస్త్రజ్ఞులు దాన్ని క్యూలికాయిడిస్ అంటారు. దోమకన్నా ఎంతో చిన్నది. మూడు మిల్లీమీటర్లకు మించదు. తడి మట్టిలో, పేడ కలిసిన బురదలో గుడ్లు పెడుతుంది. సందెవేళ, తెల్లవారుజామున ఎక్కువగా కుడుతుంది. పల్లపు నేల, రాత్రి పడక, చలికాలం గురించి ఆ రైతులు చెప్పుకున్నదంతా దీనితో సరిపోయింది. తరువాత 1948లో నైట్జ్ అనే ఆయన, యీ వైరసు ఒకటి కాదు, అనేక రకాలున్నవి అని చూపాడు. ఒక రకం సోకి కోలుకున్న గొఱ్ఱెకు ఆ రకం మళ్లీ రాదు, యింకొక రకం రావచ్చును. ఒకే రకంతో చేసిన పాత టీకా కొన్నిచోట్ల ఎందుకు తప్పిందో అప్పుడు తెలిసింది. ఇవాళ ప్రపంచంలో లెక్కకు వచ్చిన రకాలు 24 కన్నా ఎక్కువే.

ఈలోగా రోగం ఆఫ్రికా దాటింది. సైప్రస్ దీవిలో, అమెరికాలో టెక్సాసులో కనబడింది. 1956లో స్పెయిను, పోర్చుగలు దేశాల్లో పుట్టి లక్షకు పైగా గొఱ్ఱెలను తీసుకుపోయింది. చలిదేశాలకు రాదనుకున్న ఆ రోగం 2006లో హాలండు, బెల్జియం, జర్మనీలకు కూడా పాకింది. నుసుముకు సరిహద్దులు లేవు గదా!

మన దేశంలో దీన్ని మొదట గుర్తించి వెల్లడించింది 1964లో, మహారాష్ట్రలో. ఆ తరువాతి కాలంలో మన సర్కార్లు ఉన్ని పెంచాలని, మాంసం పెంచాలని విదేశీ గొఱ్ఱెలను తెప్పించి, నాటు గొఱ్ఱెలతో కలిపి సంకరజాతులు తయారు చేసే పని చేపట్టాయి. హర్యానాలోని హిసారులో అలాంటి పెద్ద క్షేత్రం పెట్టారు. మన వైపు హైదరాబాదు పక్కన మామిడిపల్లిలోనూ ఒక పెద్ద గొఱ్ఱెల క్షేత్రం వెలిసింది. శంషాబాదు విమానాశ్రయం పక్కనున్న మామిడిపల్లే అది. దక్షిణాఫ్రికాలో మెరినోలకు జరిగినట్టే మన దేశంలోనూ విదేశీ గొఱ్ఱెలకూ సంకరజాతులకూ యీ రోగం గట్టిగా తగిలింది. 1980లలో హిసారులో రోగపు గొఱ్ఱెల నుండి వైరసును వేరు చేసి రకం తేల్చారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఉత్తరాదిన రోగం ఎక్కువగా విదేశీ, సంకర గొఱ్ఱెలకే పరిమితమైంది. దక్షిణాదిన అలా జరగలేదు. తమిళనాడు, కర్ణాటక, అప్పటి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాలలో నాటు గొఱ్ఱెలు కూడా మందలు మందలుగా పడ్డాయి. పుస్తకాలలో నాటు గొఱ్ఱె తట్టుకుంటుందని వ్రాసి వుంటే, మన కాపరి కళ్లెదుట నాటు గొఱ్ఱె చస్తూ వున్నది. పరాయి దేశపు పుస్తకం మన మందకు సరిపోలేదు. కాబట్టి యిక్కడి రోగాన్ని యిక్కడే చూడవలసి వచ్చింది.

శంషాబాదు చుట్టుపట్ల నేల ఎలాంటిదో మీకు తెలుసు. పాలమూరు నుండి పట్నానికి వచ్చే పెద్ద దారి దానిమీదుగానే పోతుంది. ఒక పక్క 1927 నాటి హిమాయత్‌సాగర్. చుట్టూ చెఱువులు, కుంటలు. నల్ల గొంగడికి ఉన్ని యిచ్చే దక్కని గొఱ్ఱె ఒకనాడు యీ పీఠభూమికి గుర్తు. గొంగడికి గిరాకీ తగ్గాక, మాంసానికి బాగుంటుందని కాపరులు నెల్లూరు జాతి పొట్టేళ్లను కలిపారు. అమ్మకానికి గొఱ్ఱెలు జియాగూడ సంతకు చేరతాయి. మంద నడిచే దారి, నీటి అంచు, పట్నపు సంత, యివి మూడూ దగ్గర దగ్గరగా వున్నచోట రోగం రావడానికీ, దాన్ని పరిశోధించడానికీ కూడా వీలుంటుంది.

శంషాబాదుకు పట్నం వైపున రాజేంద్రనగర్ వున్నది. 1946లో మొదలైన హైదరాబాదు పశువైద్య కళాశాల యిప్పుడు అక్కడే వున్నది. పట్నంలో శాంతినగర్‌లో టీకాలు తయారుచేసే పశువైద్య జీవ పరిశోధన సంస్థ వున్నది. భారత వ్యవసాయ పరిశోధన మండలి నీలినాలుక కోసం దేశమంతటా కొన్ని కేంద్రాలను కలిపి ఒక పథకం నడిపింది. అందులో హైదరాబాదు ఒకటి. వానకాలంలో రోగం లేచిందని కబురు రాగానే డాక్టర్లు మంద దగ్గరికి పోయేవారు. జ్వరం మీదున్న గొఱ్ఱెను చూసి, జబ్బు ముదరక ముందే రక్తం తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, చల్లని పెట్టెలో పట్నానికి తేవాలి. అక్కడ దాన్ని కోడిగుడ్డులోని పిండానికి గాని, సీసాలలో పెంచిన జీవకణాలకు గాని ఎక్కించి వైరసును పెంచాలి. పెరిగినదాన్ని తెలిసిన రకాలతో పోల్చి ఫలానా రకమని తేల్చాలి. ఇది ఓపిక పని. కొన్నిసార్లు ఎన్ని రక్తాలు తెచ్చినా వైరసు చిక్కదు.

ఈ శ్రమ ఫలితంగా మన దేశంలో 20కి పైగా రకాల జాడలు వున్నట్టు తెలిసింది. మరొక వింత కూడా బయటపడింది. యీ వైరసు వంశలక్షణాలు దాని లోపల పది ముక్కలుగా వుంటాయి. ఒకే పశువులో గాని ఒకే నుసుములో గాని రెండు వైరసులు చేరితే, ముక్కలు తారుమారై కొత్త కలగలుపు పుడుతుంది. మన పరిశోధకులూ ఇంగ్లండువారూ కలిసి 2012లో ప్రకటించినదాన్ని బట్టి, మన దేశంలోని 2వ రకంలో కొన్ని ముక్కలు తూర్పు దేశాల వంశానివి, కొన్ని ఆఫ్రికా, అమెరికాల వంశానివి. మన దేశంలో దొరికిన 10వ రకమేమో అమెరికాలో టీకాకు వాడే రకాన్ని అచ్చంగా పోలివున్నది. ప్రాణమున్న వైరసుతో చేసిన టీకాను ఒక దేశం నుండి ఇంకొక దేశానికి ఆలోచించకుండా తేరాదని పెద్దలు చెప్పడం యిందుకే.

ఇన్ని రకాలున్న రోగానికి టీకా ఎలా? మన దేశంలో తరచుగా కనబడే రకాలు ఏవో ముందు తెలియాలి. మందల నుండి తెచ్చిన రక్తాలు ఆ జవాబు యిచ్చాయి. 1, 2, 10, 16, 23 అనే ఐదు రకాలను ఎంచి, వాటి ప్రాణం తీసి, ఐదింటినీ కలిపి చేసిన టీకా 2010 తరువాతి సంవత్సరాలలో వాడకానికి వచ్చింది. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంవారు దాన్ని రూపొందించగా, హైదరాబాదు గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారు తయారు చేశారు. ఐదు రకాలకు చేసిన టీకా ఆరో రకాన్ని పూర్తిగా ఆపుతుందని నమ్మడానికి లేదు. టీకా వేసినా రోగం వచ్చిందంటే టీకాను తిట్టి వదిలెయ్యకండి. ఆ మందలో వున్నది ఏ రకమో తెలుసుకోవడం అప్పుడే మరీ అవసరం.

ఇందాకటి ఆవు సంగతి చెబుతానన్నాను. ఆవు, గేదె, మేక యీ వైరసును ఒంట్లో పెట్టుకొని కూడా చాలాసార్లు పైకి ఏమీ తెలియనివ్వవు. ఆవు రక్తంలో అది రెండు నెలల దాకా కూడా వుండవచ్చును. నుసుము ఆ ఆవును కుట్టి, వారం రెండు వారాల తరువాత గొఱ్ఱెను కుడితే రోగం అంటుకుంటుంది. అందుకని, పక్కవాడి మంద తాకినందువల్ల వచ్చిందని తగవు పెట్టుకుంటే లాభం లేదు. ఆ మందనూ మీ మందనూ కుట్టేది ఒకే కుంట బురదలోంచి లేచిన నుసుము కావచ్చును.

2008 మార్చిలో శంషాబాదులో విమానాశ్రయం తెరిచారు. దానికి ఐదు వేల ఎకరాలకు పైగా నేల పట్టింది. మేత నేల తగ్గినకొద్దీ మంద కుంట అంచుకు, కాలవ గట్టుకు చేరుతుంది. నుసుము వుండేది కూడా అక్కడే. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున యిచ్చే పథకం మొదలుపెట్టింది. పక్క రాష్ట్రాల నుండి కూడా గొఱ్ఱెలు వచ్చాయి. 2019 పశుగణనలో తెలంగాణలో గొఱ్ఱెలు కోటీ 90 లక్షలని తేలింది, దేశంలో మొదటి స్థానం. మంచిదే. కాని కొత్త చోటి నుండి వచ్చిన జీవానికి యిక్కడి రకాలు కొత్త. అది తెచ్చిన రకం మన మందకు కొత్త కావచ్చును. కొన్న జీవాన్ని మూడు వారాలు వేరుగా వుంచి కనిపెట్టాలి.

మరి మీరు చేయవలసినది ఏమిటి? వానలకు ముందే పశువుల డాక్టరును అడిగి టీకా వేయించండి. వానకాలంలో దొడ్డిని మెరక మీదకు మార్చండి. పేడ, బురద దగ్గర నిలవనివ్వకండి. పొద్దు వాలకముందే మందను దొడ్డికి తోలండి. రోగపు గొఱ్ఱెను ఎండలో నడిపించకండి. నీడన కట్టి, లేత గడ్డి, జావ పెట్టండి. నోటి పుండ్లను పొటాషియం పర్మాంగనేటు వేసిన పలచని నీళ్లతో కడగండి. యీ వైరసును చంపే మందు లేదు. సేవ వల్లనే బతుకుతుంది.

చివరగా ఒక మాట. డాక్టరు వచ్చి జ్వరమున్న గొఱ్ఱె రక్తం తీస్తానంటే, అసలే నీరసంగా వుంది, రక్తం తీస్తే చస్తుందని కొందరు ఒప్పుకోరు. తీసేది కొద్దిపాటి రక్తం, దానివల్ల గొఱ్ఱెకు ముప్పు లేదు. దాన్ని చూస్తేనే యీ యేడు మీ ఊరి మీదికి వచ్చినది ఏ రకమో తెలుస్తుంది. ఆ సంగతి తెలియకపోతే వచ్చే యేడు టీకా గుడ్డిగా వేసినట్టే. కబురు వెంటనే చెయ్యండి, మొదటి గొఱ్ఱెకు జ్వరం తగిలిన రోజునే చెయ్యండి.