నూట నలభై నాలుగు గదుల ఇల్లు

మన పిల్లల దృష్టిలో సాఫ్ట్‌వేరు రాత్రికి రాత్రి తనంతట తానే మారిపోయే వస్తువు. ఫోను ఛార్జికి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి కొత్త వెర్షను సిద్ధం. నేను డాలస్ ప్రాంతంలో చాలా ఏళ్ళు చేసిన పని ఆ కోవలోది కాదు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత దానికి సరిగ్గా సరిపోతుంది.

1978లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు స్పీక్ అండ్ స్పెల్ అనే ఆటబొమ్మ తెచ్చారు. అందులో టేపు లేదు, రికార్డు లేదు. రామ్ (చదవడమే గాని రాయడం కుదరని ‘రోమ్’ కాదు) సంగతి తర్వాత చెబుతాను. ఇక్కడ రోమ్ మెమరీలో దాచిన అంకెలనుంచి ఒక చిప్పు మనిషి గొంతును పుట్టించేది. బొమ్మ ఇంటికి చేరాక ఆ మాటలు దిద్దడానికి లేదు. కొత్త మాటలు కావాలంటే ఇంకో మాడ్యూలు కొని తగిలించుకోవాల్సిందే.

1983లో అదే కంపెనీ టి.ఎమ్.ఎస్.32010 అనే సిగ్నల్ ప్రాసెసరుని అమ్మకానికి పెట్టింది. సెకనుకి 50 లక్షల ఆదేశాలు దాని వేగం. టెలిఫోను గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలుస్తారు కనుక, ఒక్కో కొలతకీ దక్కేవి 625 ఆదేశాలే. లోపలి రామ్ 144 గదులు, గదికి 16 బిట్లు. ఈ పేరా కూడా అందులో పట్టదు!

అందుకే ప్రోగ్రాముని అసెంబ్లీ భాషలో చేత్తో చెక్కేవారు. ఏ ముక్క ఏ చిరునామాలో కాపురం ఉండాలో లింకరుకి ఒక ఫైలులో రాసిచ్చేవారు. ముందు ఎమ్యులేటరు మీదో, చెరిపి రాయగల మెమరీతోనో పరీక్షించి, అంతా బాగుంటే ఫ్యాక్టరీకి పంపేవారు. అక్కడ ప్రోగ్రాము చిప్పులోనే అచ్చయిపోయేది. ఆపైన తప్పు బయటపడితే ఆ చిప్పులు చెత్తబుట్టకే.

1985లో ఆ కంపెనీ బెంగుళూరులో కేంద్రం తెరిచి, ఉపగ్రహం ద్వారా అమెరికాతో కలిపింది. 1997లో ఒకేసారి ఎనిమిది పనులు చేయగల సి6000 వరస వచ్చింది. వాటిని చేత్తో పేర్చడం తలకు మించిన పని కావడంతో ఆ భారం కంపైలరు ఎత్తుకుంది. 1999లో ఒక ప్రమాణం కూడా వచ్చింది: ఒకరు రాసిన అల్గారిథం మరొకరి ఉత్పత్తిలో ఇమడాలంటే, తనకెంత మెమరీ కావాలో అడిగి పుచ్చుకోవాలి గాని సొంతంగా ఆక్రమించకూడదు.

ఒక కంపెనీలో పాత పరికరానికి చిన్న మార్పు చెయ్యమన్నారు. సోర్సు కోడ్ భద్రంగానే ఉంది. కాని ఏ కంపైలరు వెర్షను వాడారో, ఏ ఆప్షన్లు పెట్టారో ఎక్కడా రాసి లేదు. ఆ లింకరు ఫైలూ దొరకలేదు. కొత్తగా కట్టిన ప్రోగ్రాము పాతదానితో సరిపోలలేదు. రాసినాయన రిటైరై వెళ్ళిపోయారు. వారం పని మూణ్ణెల్లు పట్టింది.

ఇలాంటి పనులు చేసినవారు మనలో చాలామంది ఇప్పుడు రిటైరవుతున్నారు. కోడ్ కంపెనీలది, దాన్ని కట్టిన తీరు మాత్రం మన జ్ఞాపకంలోనే ఉంది. కంపెనీ రహస్యాలు అక్కర్లేదు. ఎలా పనిచేశామో నాలుగు పేజీలు తెలుగులో రాసిపెడదాం.