భోపాల్: గాలికి పరిహారం, మట్టికి మౌనం

2025 జనవరి 1 రాత్రి, భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పాత కర్మాగారం నుంచి పన్నెండు కంటైనర్లు పోలీసు కాపలా నడుమ పీతంపూర్‌కు బయలుదేరాయి. వాటిలో ఉన్నది సుమారు 337 టన్నుల విషవ్యర్థం. జూన్ నెలాఖరుకు దాని దహనం ముగిసింది. నలభై ఏళ్ల పీడ విరగడైందని పాలకులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ నాగపూర్‌లోని నీరి, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలిసి జరిపిన పరిశోధన, అక్కడ కలుషితమైన మట్టి 11 లక్షల టన్నులని 2010లోనే అంచనా వేసింది. తరలించిన వ్యర్థం అందులో మూడువేలో వంతుకైనా సరితూగదు.

ఈ మట్టి కథ 1984 డిసెంబరు 2 రాత్రి మొదలైంది కాదు. 1969లో నెలకొన్న ఆ పురుగుమందుల కర్మాగారం తన వ్యర్థాలను ఆవరణలోని గుంతల్లో పోసింది. 1977లో ఆవరణ వెలుపల, ఉత్తరాన, ఆవిరి చెరువులు తవ్వించింది. అవి కారుతున్నాయన్న సంగతి 1982 నాటికే సంస్థ అంతర్గత లేఖల్లోకి ఎక్కింది. అంటే, విషవాయువు విరుచుకుపడక ముందే విషం నేలలోకి దిగుతోంది.

1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు కుదిరిన రాజీ వాయుబాధితులను లెక్కించింది, నేలను లెక్కించలేదు. 1998లో కౌలు భూమి శుద్ధి కాకుండానే రాష్ట్ర ప్రభుత్వానికి తిరిగివచ్చింది. మరుసటి ఏడాది గ్రీన్‌పీస్ పరీక్షల్లో అక్కడి మట్టిలో పాదరసం, క్లోరిన్ కలిసిన కర్బన రసాయనాలు బయటపడ్డాయి. చుట్టుపక్కల బస్తీలకు రక్షిత నీరు అందించాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా ఆలస్యంగానైనా నీటికి ఒక దారి దొరికింది. మట్టికి దొరకలేదు.

నీరు మారినంత మాత్రాన పెరడు మారదు. అన్నూనగర్, అటల్ అయూబ్ నగర్ వంటి బస్తీల్లో ఇంటి ముందు జానెడు జాగా దొరికితే అక్కడే ఆకుకూర, అక్కడే బీరపాదు, అక్కడే పిల్లల ఆట. పాదరసం మూలకం గనుక ఎన్నేళ్లయినా నశించదు. క్లోరిన్ రసాయనాలు దశాబ్దాలపాటు నిలిచి, పశువుల, మనుషుల కొవ్వులో పేరుకుంటాయి. దుంపలకూ ఆకులకూ అంటిన మట్టి వంటింట్లోకి, చేతులకంటినది పిల్లల నోట్లోకి చేరుతుంది. ప్రతి పెరడూ విషపూరితమని అనడం అన్యాయం. పరీక్షించకుండా ఏ పెరడైనా సురక్షితమని అనడం అంతకన్న అన్యాయం. ఈ రెంటి నడుమ సందిగ్ధాన్ని రోజూ వండుకు తింటున్నది నిరుపేద గృహిణి.

బాధ్యత మాత్రం చేతులు మారుతూ వచ్చింది. భారతీయ అనుబంధ సంస్థ 1994లో అమ్ముడుపోయి పేరు మార్చుకుంది. మాతృసంస్థ 2001లో డౌ కెమికల్ పరమైంది. భూమి మధ్యప్రదేశ్ ప్రభుత్వానిది. మట్టి కాలుష్యంపై బస్తీవాసులు వేసిన దావాను అమెరికా అప్పీలు కోర్టు 2016లో తోసిపుచ్చింది.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను ప్రకటించింది. వాటి ప్రకారం శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారిదే. వారు దొరకకపోతే, భరించలేకపోతే ఆ భారం ప్రభుత్వాలది. ఆ నిబంధనలకు తొలి పరీక్ష భోపాలే కావాలి. అది మరో కంటైనర్ల ఊరేగింపుతో తీరదు. బస్తీలో ఇంటింటి మట్టిని పరీక్షించి, ఫలితాన్ని ఆ ఇంటివారి భాషలో వారి చేతికివ్వడంతో మొదలుకావాలి.