మూడు నిమిషాల ఊరు

పోలండు రాజధాని వార్సాకు ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన నాషెల్‌స్క్ అనే చిన్న పట్టణమొకటి ఉన్నది. యాత్రికులు పనిగట్టుకొని వెళ్ళి చూచే ఊరు కాదది. 1938 ఆగస్టులో డేవిడ్ కర్ట్జ్ అనే అమెరికా పౌరుడు, భార్యతోను కొందరు మిత్రులతోను యూరపు యాత్రకు వచ్చి, ఈ ఊళ్ళో దిగినాడు. ఆయన పుట్టినది ఇక్కడే. పసితనంలో సముద్రాలు దాటిపోయినవాడు, మనుమలనెత్తవలసిన వయస్సులో తిరిగి వచ్చినాడు. చేతిలో ఒక చిన్న సినిమా కెమేరా ఉన్నది. దానితో ఆ ఊరిని మూడు నిమిషాలపాటు చిత్రించినాడు. ఈ వేళ నేను మనవి చేయబోయేది ఆ మూడు నిమిషాలను గురించి.

సినిమా పుట్టిన తొలి రోజులలో అది ఇండ్లలో ఉంచుకోదగిన వస్తువు కాదు. ఆనాటి నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకొనేది. 1923లో కొడాక్ కంపెనీవారు అంత సులభంగా మండని ఎసిటేటు ఫిల్మును 16 మిల్లీమీటర్ల వెడల్పున తయారుచేసి, దానికి తగిన కెమేరాను, ప్రొజెక్టరును అమ్మకానికి పెట్టినారు. సరంజామా అంతా కలిపి 335 డాలర్లు. ఆ రోజులలో ఇంచుమించు ఆ సొమ్ముకు ఫోర్డు కారు వచ్చేది! కనుక ఇంటి చిత్రం చాలాకాలం కలిగినవారి వేడుకగానే ఉండిపోయినది. 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్ము వచ్చి ఖర్చును తగ్గించినది. 1935లో కొడాక్రోమ్ రంగుల ఫిల్ము వచ్చినది. ఇక్కడొక సంగతి గమనించవలె. ఈ ఇంటి ఫిల్ములకు సాధారణంగా వేరే నెగటివు ఉండదు. కెమేరాలో తిరిగిన ఫిల్మునే రసాయనాలలో కడిగి, తెరమీద వేసుకొనేందుకు తిరిగి పంపేవారు. అంటే లోకంలో దానికి రెండవ ప్రతి లేదన్నమాట. ఆ ఒక్క చుట్టా పాడైతే దానిలోని వీధి కూడా పోయినట్లే.

ప్రార్థనాలయాన్ని, అంగడివీధిని, ఇండ్ల వరుసలను తీయవలెనని కర్ట్జ్‌గారు అనుకొని ఉండవచ్చును. అయితే కెమేరా కనబడేసరికి పిల్లలు మూగినారు. ఒకరినొకరు త్రోసుకొంటూ, అది ఎటు తిరిగితే అటు పరుగెత్తుతూ, ముఖాలు ముందుకు పెట్టినారు. పెద్దలు గుమ్మాలలో నిలుచుండి చూచినారు. యూదుల ప్రార్థనాలయం నుంచి జనం మెట్లమీదుగా దిగివచ్చినారు. కొంత భాగం నలుపు తెలుపులలోను, కొంత రంగులలోను ఉన్నది. వృత్తిలో ఆరితేరినవాడైతే పిల్లలను అదలించి, భవనాన్ని నిండుగా తీసుకొని వెళ్ళిపోయి ఉండును. ఈయనకు అది చేతకాలేదు. నాకు తోచినంతలో ఆ చేతకానితనమే మనకు దక్కిన భాగ్యం.

పట్టుమని పదమూడు నెలలు తిరగకముందే, 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండుపై దండెత్తినది. నాషెల్‌స్క్ జనాభా అప్పటికి సుమారు 7,000; అందులో దాదాపు 3,000 మంది యూదులు. ఆ డిసెంబరులోనే నాజీలు వారిని ఇండ్లలోనుంచి వెళ్ళగొట్టి రైళ్ళకెక్కించినారు. తరువాతి కాలంలో వారిలో అనేకులు ట్రెబ్లింకా మారణశిబిరానికి చేరినారు. యుద్ధం ముగిసేనాటికి బ్రతికి బయటపడినవారు నూరుమంది లోపు. ఆ ప్రార్థనాలయం కూడా నేడు లేదు.

ఫిల్ము మాత్రం అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో, ఒక ఇంటి అలమారలో రేకు డబ్బాలో పడి ఉన్నది. 2009లో డేవిడ్ కర్ట్జ్ మనుమడు, రచయిత గ్లెన్ కర్ట్జ్ దానిని వెలికితీసినాడు. ఎసిటేటు ఫిల్ము పాతబడితే వినిగరు వాసన వేస్తుంది. కుంచించుకొని మెలికలు తిరుగుతుంది. ఈ చుట్టా అప్పటికే ఆ దశకు వచ్చినది. వాషింగ్టనులోని హోలోకాస్టు స్మారక ప్రదర్శనశాలవారు దానిని బాగుచేయించి భద్రపరచినారు. అయితే డబ్బామీద ఊరి పేరు లేదు. మనుమడు మొదట అది నాయనమ్మ పుట్టిన ఊరనుకొన్నాడు. సొంత ఇంటి అలమారలో దొరికిన చిత్రం ఏ ఊరిదో తేల్చడానికే ఇంత శ్రమ పడవలసి వచ్చినది! మన ఇండ్లలోని పాత ఫోటోల వెనుక పేర్లు వ్రాసి పెట్టినవారు ఎందరున్నారో శ్రోతలే చెప్పవలె.

ప్రదర్శనశాలవారు చిత్రాన్ని అందరూ చూచే వీలు కల్పించినారు. అమెరికాలో ఒకామె దానిని చూస్తూ, ఆ పిల్లల గుంపులో ఒక ముఖం దగ్గర ఆగిపోయినది. అది తన తాతగారి బాల్యరూపం. నాడు 13 ఏండ్ల కుర్రవాడైన ఆ తాతగారు, తనవారందరినీ పోగొట్టుకొని, దొంగ కాగితాలతో పోలండులో తలదాచుకొని బ్రతికినారు. ఎనభై దాటిన వయస్సులో ఆయన తన్ను తాను తెరమీద చూచుకొన్నారు. అప్పటినుంచి మూగచిత్రానికి మాట వచ్చినట్లయినది. ఫలానావాడు నా స్నేహితుడు. ఈ తరహా టోపీ పెట్టినవారు ఫలానా రకం పిల్లలు. వీరూ వారూ మామూలుగా కలిసి ఆడుకొనరు. ఈ చివరి మాట ముఖ్యమైనది. చిత్రంలో అందరూ కలిసి నవ్వుతున్నారు. మామూలు రోజున ఆ ఊరు అట్లా ఉండదు. కెమేరా వచ్చినందువల్ల అట్లా ఉన్నది. ఇంటి చిత్రాలను చరిత్రకు సాక్ష్యంగా తీసుకొనేవారు మరువకూడని సంగతి ఇది. అవి పండుగలను, ప్రయాణాలను, అతిథులను చూపుతవి. బట్టలుతికే చేతులను, అప్పు అడగబోయే ముఖాన్ని చూపవు.

ఒక దుకాణం పైన పలక ఉన్నది. అక్షరాలు అలుక్కొనిపోయినవి. పరిశోధకులు ఒక్కొక్క అక్షరపు వంపును పోల్చి చూచి, పాత పత్రాలను వెతికి, అది చిల్లర సరుకుల కొట్టు అనీ, దానిమీద ఉన్నది ఒక స్త్రీ పేరనీ తేల్చినారు. 2014లో గ్లెన్ కర్ట్జ్ ఈ అన్వేషణను గ్రంథంగా వెలువరించినాడు. 2021లో డచ్చి రచయిత్రి బియాంకా స్టిగ్టర్ ఆ మూడు నిమిషాలనే వెనుకకూ ముందుకూ నడిపి, నిలిపి, ఒక్కొక్క ముఖాన్ని విడదీసి చూపుతూ గంటకు పైబడిన చిత్రాన్ని తయారుచేసినది. వేరే దృశ్యమేదీ అందులో చేర్చలేదు.

ఆ ఫిల్ములో 150 మందికి పైగా మనుష్యులు కనిపిస్తారు. స్టిగ్టర్ చిత్రం వెలువడేనాటికి వారిలో పేరు పెట్టి పిలువగలిగినది పదకొండుగురిని.