హైడ్రాలిక్ షాప్ ప్రెస్

బిగుతుగా కూర్చే లోహ భాగాలను నెమ్మదైన ఒత్తిడితో ఎక్కించడానికి, ఊడదీయడానికి వర్క్‌షాపుల్లో వాడే యంత్రం. మూసి ఉన్న ద్రవంపై పెట్టిన ఒత్తిడి అన్ని వైపులా సమానంగా అందుతుందనే పాస్కల్ సూత్రం దీనికి ఆధారం. హైడ్రాలిక్ ప్రెస్‌కు 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పేటెంటు పొందాడు. పంపు పిస్టన్ వైశాల్యం 1 చదరపు సెం.మీ., భాగాన్ని నొక్కే పెద్ద పిస్టన్ అయిన రామ్‌ది 20 అయితే బలం 20 రెట్లవుతుంది. రామ్ కదిలే దూరం అదే లెక్కన తగ్గుతుంది.

అమెరికాలో ఇంటి గ్యారేజీలో సరదాగా తుపాకులు బాగుచేసుకునేవారు 12 లేదా 20 టన్నుల హెచ్-ఫ్రేమ్ ప్రెస్ కొంటుంటారు. టన్నులు చూసి మురిసిపోవడం దండగ. ఫ్రేమ్ వంగకూడదు, రామ్ పక్కకు ఊగకూడదు, బల్ల రామ్‌కు లంబంగా ఉండాలి. తుపాకీలో ఎక్కించే పిన్ను వెంట్రుకవాసి వాలినా రంధ్రం అంచు గీసుకుపోతుంది. సన్నని పిన్నులకైతే చేతి లివర్‌తో నడిచే ఆర్బర్ ప్రెస్సే నయం, ఎంత బిగుస్తోందో చేతికి తెలుస్తుంది. హైడ్రాలిక్ పంపు కొడుతుంటే ఆ సంగతి అంతగా అందదు కనుక ప్రెషర్ గేజ్ ఉన్నదే కొనాలి. చౌక ప్రెస్‌లతో వచ్చే, భాగాల కింద పెట్టే పోత ఇనుప దిమ్మెలు బరువుకు పగిలి ముక్కలు ఎగరవచ్చు. ఉక్కు దిమ్మెలు మేలు, రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి.

భారతదేశంలో మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారీయే కాదు, మరమ్మతు కూడా నేరం.