పీలు, సర్ రాబర్టు (1788–1850)

బ్రిటిషు రాజనీతిజ్ఞుడు, 1834–35లోను, 1841–46లోను ప్రధానమంత్రి. 1788 ఫిబ్రవరి 5న లాంకషైరునందలి బరీ పట్టణప్రాంతమున జన్మించెను. చాంబర్ హాలు అను భవనమే జన్మస్థలమని పలువురు వ్రాసిరి గాని, అప్పుడు దానికి మరమ్మతులు జరుగుచుండుటచే సమీపమందలి చిన్నయింట పుట్టెననుటయే అధికసంభావ్యము. తండ్రి నూలువస్త్ర పరిశ్రమవలన విశేషధనము గడించి బారొనెట్ బిరుదు పొందినవాడు. ఆక్స్‌ఫర్డులో ప్రాచీనసాహిత్యమునను గణితమునను ప్రథమశ్రేణి సాధించి, 1809లో పార్లమెంటున ప్రవేశించెను. మైసూరు యుద్ధములలో పాల్గొన్న జనరల్ ఫ్లాయిడ్ కుమార్తె జూలియాను 1820లో వివాహమాడెను.

హోంమంత్రిగా 1829లో లండను పోలీసు దళమును నెలకొల్పెను. చిరకాలము తాను ప్రతిఘటించిన కాథలిక్కులకు పార్లమెంటున ప్రవేశము కల్పించు విముక్తి శాసనమును ఆ యేడే స్వయముగా ప్రతిపాదించి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ స్థానమునకు రాజీనామా యిచ్చి మరల పోటీచేసి యోడిపోయెను. విశ్వాసఘాతుకుడన్న నింద నాటినుండి అతనిని వెన్నంటెను.

ఆ నింద, విదేశీధాన్యముపై సుంకము విధించిన ధాన్యపు చట్టముల రద్దుతో పరాకాష్ఠ నందెను. 1845లో ఐర్లండున బంగాళాదుంప పంటకు సోకిన తెగులే అతని మనస్సు మార్చినదని కొందరందురు. 1845 మార్చిలో, తెగులు పొడచూపక పూర్వమే, ఆ చట్టముల రద్దుకై పోరాడుచున్న సభ్యుడు కాబ్డెన్ ఉపన్యాసమును వినుచు తాను వ్రాసికొన్న కాగితములను నలిపివేసి, బదులు చెప్పుట తనవలన కాదని ప్రక్కనున్న సిడ్నీ హెర్బర్టుతో అనెనని యొక కథ గలదు. ఆనాడు ప్రభుత్వపక్షమున సమాధానమిచ్చినవాడు హెర్బర్టే యగుట దీనికి కొంత ఊతమిచ్చుచున్నది. సంవత్సరాదాయము 150 పౌన్లు మించినవారిపై పౌనుకు 7 పెన్నీల ఆదాయపు పన్ను విధించి, అనేకవస్తువులపై సుంకములు తగ్గించిన 1842 నాటి బడ్జెట్టునే పరిశీలించినచో, క్షామము ఆ మార్పునకు కారణము కాదనియు, దానిని త్వరితపరచిన సందర్భమాత్రమనియు భావించుట యుక్తము. స్వపక్షమగు కన్సర్వేటివులలో అధికసంఖ్యాకులు ఎదురు తిరుగగా, వారిలో నొకడగు డిజ్రేలీ నిశితవాగ్బాణములు గురిపింపగా, 1846 మే 15న రద్దుబిల్లు కామన్సు సభలో 327–229 ఓట్లతో నెగ్గెను. జూన్ 25న ప్రభువుల సభ దానిని ఆమోదించిన రాత్రియే ఐర్లండున అలజడుల నణచుటకై తెచ్చిన నిర్బంధబిల్లుపై ఓడి, పీలు పదవి విడిచెను.

సభలో అతడు బిడియస్తుడు, ముభావి. ఐరిష్ నాయకుడు ఓకానల్ అతని చిరునవ్వును శవపేటికపై వెండిఫలకముతో పోల్చెను. ఈ చిత్రమునే తుదిమాటగా గ్రహించుట అన్యాయము. భార్యకు వ్రాసిన లేఖలలో కన్పట్టు మనిషి ఆర్ద్రహృదయుడు, డచ్చి చిత్రములను ప్రేమతో సేకరించిన రసికుడు. 1843లో ఇతడేయని పొరబడి యొక హంతకుడు ఇతని కార్యదర్శి డ్రమ్మండును కాల్చిచంపెను.

1850 జూన్ 29న కాన్‌స్టిట్యూషన్ హిల్ మార్గమున గుఱ్ఱముపైనుండి పడి, జూలై 2న మరణించెను. అతని కోరికపై డ్రేటన్ బాసెట్ గ్రామచర్చిలో ఖననము చేసిరి. స్మృతులు 1856–57లో వెలువడినవి. వానిలో ఆత్మస్తుతి స్వల్పము. లేఖలు, మంత్రివర్గపత్రములే అధికము.