గాలి ఎవరి సొత్తు? స్కాట్లాండ్ లెక్కల్లో ‘స్థానిక’ యాజమాన్యం

పునరుత్పాదక విద్యుత్తు విషయంలో స్కాట్లాండ్ ప్రభుత్వం 2011లో రెండు లక్ష్యాలు పెట్టుకుంది. 2020 నాటికి దేశపు వార్షిక విద్యుత్ వినియోగానికి సమానమైనంత ఉత్పత్తి చేయాలన్నది మొదటిది. 500 మెగావాట్ల సామర్థ్యం స్థానికుల చేతిలో ఉండాలన్నది రెండవది. మొదటిదాని గురించి చెప్పుకోవలసింది తక్కువ: 2020లో అది 97 శాతం దాటింది. గాలి వీచినప్పుడు ఇంగ్లండుకు పంపిన కరెంటు కూడా ఈ లెక్కలో చేరిందని గుర్తుంచుకుంటే చాలు. అసలు కథ రెండవదానిలో ఉంది.

దాని మూలాలు పాతవి. 1943లో, యుద్ధం నడుస్తుండగానే, మంత్రి టామ్ జాన్‌స్టన్ చొరవతో ఉత్తర స్కాట్లాండ్ జలవిద్యుత్ బోర్డు ఏర్పడింది. కరెంటు తీయడంతోబాటు కొండసీమ ఆర్థిక, సామాజిక అభ్యున్నతికీ అది తోడ్పడాలని చట్టమే నిర్దేశించింది. 1991లో ఆ బోర్డు ప్రైవేటు వాటాదారుల పరమైంది.

ఆ తరువాత పదేళ్ళకు యాజమాన్యం ప్రశ్న మరో దారిన తిరిగివచ్చింది. 2002లో గీయా అనే చిన్న దీవిని, వందమందికి మించని అక్కడి జనమే సుమారు 40 లక్షల పౌండ్లకు భూస్వామి నుంచి కొనుక్కున్నారు. ఇళ్ళు శిథిలావస్థలో ఉన్నాయి. బాగుచేయడానికి డబ్బు లేదు. దానికోసం వారు పాత గాలిమరలు మూడు తెచ్చి నిలబెట్టారు. ఒక్కొక్కటి 225 కిలోవాట్లు. విశ్వాసం, ఆశ, దయ అని పేర్లు పెట్టుకున్నారు. గ్రిడ్డుకు అనుసంధానమై, ఒక సముదాయం సొంతంగా నడిపిన గాలిమరల క్షేత్రం స్కాట్లాండులో అదే మొదటిది.

2011 నాటి లక్ష్యం వెనుక జనం తలపుల్లో ఉన్నది గీయా వంటి ఊళ్ళే. లక్ష్యం గడువుకు ముందే, 2015లోనే నెరవేరింది: 508 మెగావాట్లు. అయితే ‘స్థానిక’ అన్న మాట కిందికి ఊరి ట్రస్టులతోబాటు పొలాలు, పెద్ద ఎస్టేట్లు, స్థానిక వ్యాపారాలు, పురపాలక సంస్థలు, విశ్వవిద్యాలయాలు కూడా వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద వాటా పొలాలు, ఎస్టేట్లదే. ఏ భూస్వామ్యం నుంచి గీయా విడివడిందో, అలాంటిదే అదే పట్టికలో గీయా పక్కన కూర్చుంది. ఇది మోసం కాదు, నిర్వచనం; కాని ఆ నిర్వచనమే విజయాన్ని సులభం చేసింది.

ప్రభుత్వం వెంటనే గీత పైకి జరిపింది: 2020కి 1,000 మెగావాట్లు, 2030కి 2,000. ఈసారి బండి మొరాయించింది. 2020 చివరికి తేలినది 850 చిల్లర. చిన్న ఉత్పత్తిదారులకు ఊపిరిపోసిన హామీ ధరల పథకం 2019 మార్చి 31న కొత్తవారికి మూతపడింది. దానిని మూసినది లండన్. లక్ష్యం పెట్టినది ఎడిన్‌బరో. విద్యుత్ విధానం స్కాట్లాండ్ పార్లమెంటు అధికార పరిధిలో లేదు.

కంపెనీలు ఊళ్ళకు ఇచ్చే ‘సముదాయ ప్రయోజనం’ మెగావాటుకు ఏడాదికి 5,000 పౌండ్లుగా స్థిరపడింది. అది చట్టం కాదు, ఆనవాయితీ. సొంత గాలిమరలున్న ఊళ్ళకు దక్కేది అంతకు ముప్పై రెట్ల పైనేనని 2021లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పశ్చిమ దీవులలో జరిగిన అధ్యయనమది. అక్కడి లూయిస్ దీవిలో 2015లో నెలకొన్న 9 మెగావాట్ల బెన్ గ్రీడాగ్, బ్రిటన్‌లోని సముదాయ క్షేత్రాలన్నిటిలోకి పెద్దది.

ఆ దీవులనుంచి ప్రధాన భూభాగానికి కరెంటు మోసే సముద్రగర్భ కేబుల్ 2020 అక్టోబరులో తెగింది. కొత్తది వేసేసరికి ఏడాది కావచ్చింది. అన్నాళ్ళూ ఊళ్ళ గాలిమరలు కరెంటు అమ్మలేక ఆదాయం పోగొట్టుకుంటే, దీవుల్లో దీపాలు డీజిల్ జనరేటర్ల మీద వెలిగాయి.