మల్కాపుర శాసనములోని ప్రసూతిశాల

మోటారు దారి పడక మునుపు శ్రీశైల యాత్ర కాలినడక యాత్ర. ఆత్మకూరు మీదుగా వచ్చువారు నాగలూటి, పెద్దచెరువు దాటి, భీముని కొలను లోయలో దిగి, మరల కైలాసద్వారము వరకు మెట్లెక్కవలసి యుండెను. 14వ శతాబ్దమున రెడ్డిరాజు ప్రోలయ వేముడు కొండకు మెట్లు కట్టించి కీర్తి గాంచెను. శివరాత్రికి ఆ దారిన చంటిబిడ్డల తల్లులు, కఱ్ఱ యూతగా ముదుసళ్లు, మ్రొక్కుబడి గల రోగులు కూడ నడచిరి. మెట్లు కట్టించినవాని పేరు మన మెరుగుదుము. నడుమ అడవిలో చలిజ్వరముతో పడిపోయినవారికి గంజి కాచి పోసిన దెవరు?

రోగులను చూచుకొనుట గూర్చి శ్రీశైల శైవాచార్యు లేమనుకొనిరో తెలిసికొనుటకు మనము కొండ దిగి, కృష్ణ వెంబడి గుంటూరు సీమకు పోవలెను. 13వ శతాబ్దమున ఈ ప్రాంతమున ప్రాబల్యము వహించినది గోళకీ మఠము. దాని మూలస్థానము నర్మదా తీరపు డాహల దేశము. శ్రీశైలమునకు తూర్పు ద్వారమగు త్రిపురాంతకమునను, కడప సీమలోని పుష్పగిరియందును ఆ సంప్రదాయమువారు నెలకొనిరి. వారిలో విశ్వేశ్వర శంభువు గౌడదేశీయుడు, కాకతీయ గణపతిదేవునకు దీక్షాగురువు. శ్రీశైలమునకు ఈశాన్యమున ఏలేశ్వరములో మఠము స్థాపించిన దితడే. ఆ ఏలేశ్వరము నేడు నాగార్జునసాగర జలములలో నున్నది.

శకవర్షము 1183, అనగా క్రీ.శ. 1261వ సంవత్సరమున రుద్రమదేవి, తండ్రి మాట యిచ్చిన మందడమును, దానితోపాటు వెలగపూడిని ఈ ఆచార్యునకు ధారపోసెను. (2016 నుండి రాష్ట్ర సచివాలయ మున్న వెలగపూడి యిదియే.) ఆ విషయమును చెప్పు శాసనము మల్కాపురమునందలిది. విశ్వేశ్వర శంభువు దేవునకును బ్రాహ్మణులకును భూములు కేటాయించి, మిగిలిన దానిని మూడు పాళ్లు చేసెను. ఒక పాలు మఠమునకు, ఒకటి విద్యార్థులకు, మూడవది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రములకు. ఒక వైద్యుని, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుని నియమించెను. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవ్వరికిని అన్నము లేదనరాదని కట్టడి చేసెను.

ఇక్కడ మేము కొంచెము ఆగుచున్నాము. సన్న్యాసికి పురిటింటి గొడవ యేల అని శ్రోతలు నవ్వుకొనవచ్చును. ఆరోగ్యశాల యుండగా ప్రసూతిశాలను వేరుగా పేర్కొనుటలో తెలివి యున్నది. బాలింత రోగి కాదు, కాని రోగికన్న మెలకువగా చూడవలసిన మనిషి. మన వైద్యశాస్త్రము ఎనిమిది అంగములలో ఒకటి శిశువులకు, ఒకటి ముదిమికి విడిచిపెట్టినది. చరక సంహిత తొమ్మిదవ నెలకు ముందే సూతికాగృహమును సిద్ధము చేయుమనును. గర్భిణికడ నుండవలసినవారు పలుమారులు కన్న స్త్రీలు, స్నేహము గలవారు, బెంబేలు పడనివారు, శ్రమకు ఓర్చువారు. నొప్పులు రాకముందే ముక్కరాదని వారు ఆమెకు చెప్పవలెను. వేళ రాని తుమ్మును బలవంతమున తెప్పింపజూచినట్లు ఆ యత్నము వ్యర్థమని శాస్త్రము హెచ్చరించును. ఏ నొప్పి నిజమైనది, ఏది కాదు? ఎంతసేపు ఊరకుండవలె, ఎప్పుడు తొందరపడవలె? ఈ నిర్ణయము ప్రక్కన కూర్చున్న స్త్రీది.

చికిత్సకు నాలుగు పాదములని చెప్పుచు చరకుడు వైద్యునితో, మందుతో, రోగితో పాటు పరిచారకుని నిలిపెను. పరిచర్య తెలియుట, నేర్పు, అనురాగము, శుచి యనునవి అతనికి ఉండవలసిన గుణములు. తరువాతి కాలమున మనము వైద్యుని గద్దెమీద కూర్చుండబెట్టి, పరిచర్య చేయువారిని గడపవద్ద నిలిపితి మనుట మా అభిప్రాయము.

మందడములో పురుడు పోసిన మంత్రసానుల పేర్లు, కొండదారిలో గంజి కాచినవారి పేర్లవలెనే, మనవరకు రాలేదు. వారి విద్య మాత్రము తల్లినుండి కోడలికి, కోడలినుండి మనుమరాలికి చేతిమీదుగా దిగుచు, రాయలసీమ పల్లెలలో చాలకాలము ఇంటింట పురుళ్లు పోసినది.